గడ్డికి గడ్డి పెడితే

మా బాబాయి దృష్టిలో లోకంలో మనుషులు లేరు. నిప్పు రకం, నీటి రకం, గడ్డి రకం, మెరుపు రకం ఉన్నారు, అంతే.

ఇదంతా ఫోన్లో రాక్షసుల్ని పెంచి కొట్లాడించే ఆట పుణ్యం. అందులో నీళ్ళు నిప్పును రెట్టింపు కొడతాయి, నిప్పు గడ్డిని రెట్టింపు కొడుతుంది. తిరగేసి కొట్టినా, సొంత రకాన్నే కొట్టినా సగమే తగులుతుంది. ఆ ఆటలో బాబాయిని ఓడించినవాడు ఊళ్ళో లేడు, నేను తప్ప. నన్ను ఓడించినవాడు భూమ్మీదే లేడు.

బాబాయి ప్లంబరు. ఎవరింటికి వెళ్ళినా ముందు ఇంటావిడ రకం చూస్తాడు.

"ఈవిడ నిప్పురా! ముందు కుళాయి విప్పాలి, తర్వాతే నోరు విప్పాలి."

"మరి నువ్వే రకం బాబాయ్?"

"ప్లంబర్నిరా! నీళ్ళు కాక పెట్రోలా?"

అదే పిన్ని "ఏవండోయ్, మన వంటింటి కుళాయి..." అందంటే పానాతో సహా మాయమయ్యేవాడు. పిన్ని మెరుపు. నీళ్ళ మీద మెరుపు రెట్టింపు.

ఇలా ఉండగా నేను కాలేజీ మానేశాను. నిజానికి చదువే నన్ను తట్టుకోలేక మానేసింది. నా ప్రశ్నలకు జడిసి లెక్చరర్లు కిటికీల్లోంచి దూకేవారు. ఈ శుభవార్త నాన్నకు చెప్పాలి. నాన్న వెల్డరు. ఆయన చూపుకే వెల్డింగు రాడ్డు అంటుకుంటుంది. ఇంట్లో ఉండనిస్తాడో, గెంటేస్తాడో!

"అన్నయ్య నిప్పు, నువ్వు గడ్డివి. రెట్టింపు పడుద్ది," బాబాయి తేల్చేశాడు. "ఆటలో ఏం చేస్తాం? అర్భకుణ్ణి వెనక్కి లాగి, తట్టుకునేవాణ్ణి దింపుతాం. నేను నీళ్ళు. నాకు సగమే. నువ్విక్కడే కూర్చో."

బాబాయి ఒక్కడే నాన్న షాపులోకి వెళ్ళాడు. షట్టరు దడదడలాడింది. వీధి కుక్కలు ఊరు మారిపోయాయి.

బాబాయి చెవులు ఎర్రగా, మొహం వాడిపోయి బయటికొచ్చి, కూజాడు నీళ్ళు గటగటా తాగేశాడు.

"నీటి రకానికి దాహమేంటి బాబాయ్?"

"నీ మొహం! చిన్నప్పట్నుంచీ అన్నయ్య ముందు నేను గడ్డినేరా."

"అయ్యో! అయితే రెట్టింపు పడుంటుందే!"

"పడలేదు," అన్నాడు మీసం తుడుచుకుంటూ, ధీమాగా. "రేపట్నుంచి నిన్ను షాపులో పని నేర్చుకోమన్నాడు. నాకంటావా, గడ్డి పెట్టాడు. గడ్డికి గడ్డి పెడితే సగమేగా! రూల్సు తెలీకుండా ఆటలెందుకురా నీకు?"