చుక్కల నది

ఆ సర్వే ఆఫీసులో అందరూ అతణ్ణి సన్నగీత అనే పిలిచేవారు. ఇరవై రెండేళ్ళుగా పటాలు గీయడమే పని. వెంట్రుకంత గీత గీయమంటే అందులో సగం మందానికే గీసి చూపించే ఘనుడు. అంత ఘనుడూ ఊరు దాటి పది మైళ్ళు నడిచిన పాపాన పోలేదు.

ఇంకా ఎవరూ పూర్తిగా చూడని ఆ ఎండు ఖండం లోపలికి వెళ్ళి కొలిచేవాళ్ళు వేరే. మొదటి బృందంలో నలభైమంది వెళ్తే పదకొండుమంది తిరిగొచ్చారు. రెండోది ఉప్పు నేల చూసి వెనుదిరిగింది. మూడోది ఎవరో పశువుల కాపరి చెప్పిన నది కబురొకటి మోసుకొచ్చింది. వాళ్ళ చిత్తు కాగితాలన్నీ చివరికి సన్నగీత బల్ల మీదికే చేరేవి. పటంలో తీరం వెంబడి ఊళ్ళ పేర్లు కిక్కిరిసి ఉండేవి. నడిమధ్య అంతా ఖాళీ. ఆ ఖాళీని ఏడాదికో బెత్తెడు చొప్పున నింపడమే అతని ఉద్యోగం. నియమం ఒకటే: నడిచి చూసిన నదికి నిండు గీత, చెవితో విన్న నదికి చుక్కల గీత.

ఈసారి బృందంలో అతని బావ ఉన్నాడు. కొలిచే గొలుసు పట్టుకునే పని. వాళ్ళు బయల్దేరిన పంతొమ్మిదో రోజున, మూడో బృందం తెచ్చిన పాత చిత్తు కాగితాన్ని బీరువాలో పెట్టబోతూ చూశాడు సన్నగీత. కాపరి చెప్పిన నది అందులో చుక్కల్లో ఉంది. బృందం తీసుకెళ్ళిన పటంలో తనేమో రెండు నిజం నదులు గీసిన ఊపులో దీన్నీ ఒక్క బిగిన నిండుగా లాగేశాడు. పైగా వంపు ఎంత బాగా వచ్చిందోనని మురిసిపోయాడు కూడా. తగలెయ్య ఆ చేతిని!

పరుగున అధికారి గదికి వెళ్ళి జరిగింది చెప్పాడు.

"ఎవర్నైనా పంపండి సార్, మీ కాళ్ళు పట్టుకుంటాను."

"పంతొమ్మిది రోజులయ్యా! గుర్రమ్మీద పంపినా, ఆ గుర్రానికి నీళ్ళెక్కడివి?" అన్నాడు అధికారి. "నది నిజంగానే ఉందేమోలే" అని కూడా అన్నాడు.

"లేకపోతే సార్?"



మర్నాడు మధ్యాహ్నం అక్క భోజనం డబ్బా పట్టుకుని ఆఫీసుకే వచ్చింది. "ఒరేయ్, మీ బావ ఎక్కడున్నాడో కాస్త చూపించరా" అంది. ఆమెకు చదువు రాదు. సన్నగీత బృందం పట్టుకెళ్ళిన పటం నకలు పరిచి వేలు పెట్టాడు.

"ఈ నీలంగా ఉన్నదేంట్రా?"

"నది."

"నువ్వే గీశావా?"

"నేనే అక్కా."

"అమ్మయ్య! ఇప్పుడు నా మనసు కుదుటపడింది. నీళ్ళ సంచులు మూడింటిలో రెండు ఇంట్లోనే వదిలేసి వెళ్ళాడ్రా మహానుభావుడు. అదేంటని అడిగితే, 'మీ తమ్ముడు నది గీశాడుగా, మళ్ళీ ఈ బరువెందుకు' అన్నాడు."