కిందివాడి పక్కన చోటు

మనుషుల్ని మెడదాకా పాతిపెట్టడం రెస్తితూత వృత్తి. నేపుల్స్ నుంచి పడవెక్కి ఆ ద్వీపానికి వచ్చే సెలవుల జనానికి వినోదాలకు లోటు లేదు. తొక్కుడు పడవలున్నాయి, రంగు గొడుగులున్నాయి, సాయంత్రమైతే హోటల్ డాబా మీద అకార్డియన్ పాటలూ డాన్సులూ ఉన్నాయి. కీళ్ల నొప్పులవాళ్లూ నడుం పట్టేసినవాళ్లూ మాత్రం తీరం చివరికి, కొండ మొదట్లో ఇసుకలోంచి ఆవిరి లేచే చోటికి వస్తారు. అక్కడ ఆమె గుంట తవ్వి, వాళ్లని పడుకోబెట్టి, పారతో వేడి ఇసుక కప్పుతుంది. మధ్యాహ్నం వేళ చూస్తే వరసగా తలలే ఉంటాయి, కళ్లు మూసుకుని, కదలకుండా. కొత్తవాళ్లు అది చూసి ఒక అడుగు వెనక్కి వేస్తారు. ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటే.

పని తల్లి నేర్పింది. ఆ కొండ కింద ఒక రాక్షసుణ్ణి దేవతలు పాతేశారని, వాడి ఊపిరే ఈ వేడి అని అక్కడ అందరూ చెప్పుకుంటారు. పేరు పలకరు, కిందివాడు అంటారు అంతే. గుంట తవ్వే ముందు చెప్పులు విడిచి, అరికాలు ఇసుకలోకి దూర్చి, "కొంచెం జరుగు, చుట్టం వచ్చింది" అనాలి. వెచ్చగా తగిలితే వాడు జరిగినట్టు. చురుక్కుమంటే జరగనన్నట్టు, ఇంకోచోట చూసుకోవాలి. పొద్దుగూకేలోగా ప్రతి గుంటా పూడ్చెయ్యాలి. ఖాళీగా వదిలేస్తే పడుకోవడానికి ఎవరో ఒకరు వస్తారని తల్లి అనేది. ఎవరొస్తారని చిన్నారి రెస్తితూత అడిగితే, "ఎవరి గుంటకి వాళ్లే" అని చేతికి పార ఇచ్చింది.

ఆ తల్లి తన ఆఖరి వేసవిలో వింతగా మాట్లాడింది. "వాడు చల్లబడిపోయాడే" అని ఒకటే సణుగుడు. ముసలిదానికి మతి తప్పిందని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకున్నారు. ఆమె పోయిన కొన్నాళ్లకే భూమి కదిలి పై ఊళ్లో చర్చి గోడ కూలింది. దాంతో అందరూ మాట మార్చారు. ముసలమ్మకు ముందే తెలిసిందన్నారు. ఇసుక చల్లబడిందంటే కిందివాడు ఊపిరి బిగబట్టినట్టేనని, తర్వాత ఒళ్లు విదిలించుకుంటాడని తేల్చేశారు.

ఈ ఆగస్టులో రెస్తితూత అరికాలికి ఇసుక చల్లగా తగిలింది.

ఆమె నమ్మలేదు. కొండవైపు నాలుగడుగులు జరిగి మళ్లీ కాలు దూర్చింది. ఈసారి చల్లదనం కూడా కాదు, అసలు బదులే లేదు. చీకటి గదిలోకి కేకేస్తే లోపల మనిషి ఉన్నాడో లేడో తెలియనట్టుంది. ఆ రోజు నుంచి భయం ఆమెను వదల్లేదు. తీరం నిండా జనం, పిల్లలు, పసివాళ్ల తల్లులు. లేచి పొమ్మని అరవాలా? అరిచాక ఏమీ కాకపోతే ఊరు తిట్టిపోస్తుంది. అరవకుండా ఏదైనా అయితే ఆ పాపం ఎక్కడికి పోతుంది?

పక్కనే బడ్డీలో నిమ్మరసం అమ్మే తమ్ముడి భార్య ఫిలోమేనాకు చెప్పుకుంది.

"చల్లబడ్డమేంటి వదినా? పొద్దున ఇసకలో పాతిన గుడ్లు రాయిలా ఉడికాయి. కావాలంటే ఒకటి తిను."

"నీ గుడ్ల గోల నాకెందుకే? నా కాలికి తెలీదా?"

"మీ అమ్మ కూడా ఇట్టాగే అని మమ్మల్ని హడలగొట్టి పోయింది. ఇప్పుడు నువ్వు మొదలెట్టకు. బేరాల రోజులు."

"చేసుకో బేరాలు. వాడు లేచాడంటే నీ బడ్డీ వాడి నెత్తిమీదుంటుంది."

"ఉండనీ. దాహమేస్తే వాడికీ ఓ గ్లాసు పోస్తా."

రెస్తితూత గుడ్డు వలిచి తిన్నది. నిజంగానే గట్టిగా ఉడికింది. అది ఆమెను ఇంకా భయపెట్టింది. కిందివాడు అందరికీ వేడి ఇస్తున్నాడు, తన ఒక్కదానితోనే పలకడం మానేశాడు.

మర్నాడు హెర్తా వచ్చింది. ఏటా వేసవిలో నడుం నొప్పితో వచ్చే జర్మన్ ముసలావిడ.

"ఇవాళ కొంచెం లోతుగా తవ్వుతాను సిన్యోరా. పైన వేడి లేదు."

"నీ ఇష్టం రెస్తితూతా. నీకు తెలీనిదేముంది?"

గుంటలో దిగి నిలబడి చూసింది. కాలికి ఏమీ తెలియలేదు. ఇంకా తవ్వింది. హెర్తాను పడుకోబెట్టి, మెడదాకా ఇసుక పోసింది. హోటల్ డాబా మీద ఎవరో అకార్డియన్ సరిచూసుకుంటున్నారు. హెర్తా ముఖం ఎర్రబడింది, చెమటలు పట్టాయి. అది అందరికీ ఉండేదే. కాసేపటికి కంటి కొసల్లోంచి నీళ్లు కారాయి. తుడుద్దామని రెస్తితూత తడిగుడ్డ తీసుకుని, గట్టున తవ్విపోసిన ఇసుక మీద మోకాళ్లూనింది.

మోకాళ్లు చుర్రుమన్నాయి.

ఆమె పెట్టిన కేకకు ఫిలోమేనా పరుగెత్తుకొచ్చింది. ఇద్దరూ చేతులు కాలుతున్నా ఇసుక తోడిపోసి ముసలావిడను పైకి లాగారు. వీపంతా ఉడికిన పీతలా కందిపోయింది. ప్రాణానికి భయం లేదన్నారు ఆమెను ఆసుపత్రికి పడవెక్కించినవాళ్లు. ఎక్కేముందు హెర్తా రెస్తితూత చెయ్యి పట్టుకుంది.

"మంటగానే ఉంది. నీకు తెలుసు కదా అని ఊరుకున్నాను."

పడవ కదిలాక రెస్తితూత ఇసుకలో కాళ్లు చాపుకుని కూర్చుంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది. ఫిలోమేనా మాత్రం ఆమె కాళ్లవైపే చూస్తోంది.

"వదినా, నీ అరికాళ్లు చూసుకున్నావా?"

రెండు పాదాలూ బొబ్బలే. మడమ దగ్గర తోలు ఊడి వేలాడుతోంది. వేలితో నొక్కి చూసుకుంది. నొప్పి లేదు. అది ఎవరి కాలో అన్నట్టుంది. తల్లి శవానికి స్నానం చేయించినప్పుడు అచ్చం ఇవే అరికాళ్లు. బతుకంతా ఉత్త కాళ్లతో నడిచింది కదా అనుకున్నారు ఆడవాళ్లు. అప్పుడు చల్లబడింది కిందివాడు కాదు, అమ్మ. ఇప్పుడు తను.

"రేపు నిన్నూ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తా. కదలకుండా కూర్చో, బడ్డీ మూసేసి, ఇంట్లో చెప్పి వస్తా" అని ఫిలోమేనా వెళ్లింది.

పొద్దు వాలింది. గొడుగులు ముడిచేశారు, జనమంతా డాన్సు దగ్గరికి పోయారు. అప్పుడు చూసింది రెస్తితూత, హెర్తా గుంట అలాగే ఉంది. హడావిడిలో ఎవరూ పూడ్చలేదు. గుంటలో పడున్న పార అందుకుందామని అంచున కూర్చుని కాళ్లు లోపలికి దించింది. ఆవిరి మోకాళ్లదాకా లేస్తోంది, పాదాలకు మాత్రం మంచు.

"కొంచెం జరుగు, చుట్టం వచ్చింది" అంది అలవాటు కొద్దీ.

అన్నాక, చుట్టం ఎవరా అని తీరం పొడుగునా చూసింది. తను తప్ప ఒక్కరు కూడా లేరు.