ఎర్ర తీగ బాడీకి

మా చిన్నాయన నలభై ఏళ్ళ చేతిపనిని ముగించడానికి నాకు పది నిమిషాలు పట్టింది. ఒక స్పానర్ వాడాను. స్పానర్ కూడా ఆయనదే.

ఆయన మా నాయనకు తమ్ముడు. నాయుడుపేటలో హైవే పక్కన ఆయనకొక రేకుల కొట్టు ఉండేది. లారీలకూ జీపులకూ కార్లకూ కరెంటు పని చేసేవాడు. ఆ రోడ్డు మీద వెలిగే హెడ్‌లైట్లలో సగం తనవేననీ, మిగతా సగం సరిగ్గా వెలగవనీ అనేవాడు. తర్వాత కంప్యూటర్ తగిలిస్తే గానీ జబ్బు చెప్పని కార్లు వచ్చాయి. ఆయన చేతులు కూడా కొద్దిగా వణకడం మొదలుపెట్టాయి. ఒక జీపుకు వైరింగ్ మార్చి పంపితే అది చిల్లకూరు దాకా పోయి ఆగిపోయింది. డీజిల్ లేక ఆగిందని ఆ సాయంత్రమే తేలింది. కానీ ‘ముసలాయన చెయ్యి పోయిందంట’ అన్న మాట జీపు కంటే ముందే నాయుడుపేటకు తిరిగొచ్చింది. ఆ తర్వాత ఎవరూ ఆయనకు పని ఇవ్వలేదు. కొట్టు మూసి, సామాన్లన్నీ యూరియా గోతంలో కట్టి, దొరవారిసత్రం పక్కన మా ఊళ్ళో మంచం కింద పెట్టుకున్నాడు.

నేను ఫిజిక్స్ చదివాను. నాయుడుపేటలో ఒక ప్రైవేటు కాలేజీలో అదే చెబుతుంటాను. ఓమ్ సూత్రం నాకు నిద్రలో కూడా వస్తుంది. మెలకువలో దానితో ఎప్పుడూ పని పడలేదు.

మా నాయన కాలం నాటి అంబాసిడర్ ఒకటి మా అన్న రొయ్యల గుంటల దగ్గర, మేత బస్తాల షెడ్డులో ఎనిమిదేళ్ళుగా ఉంది. ఉప్పునీళ్ళ పక్కన కారు పెట్టడమంటే ఊరగాయ పెట్టినట్టే. కాకపోతే ఊరగాయకు మూత ఉంటుంది. ఇంజన్ తట్టుకుంది. వైర్లను మాత్రం ఎలుకలు తినేశాయి. అవి వదిలేసినచోట రాగి పచ్చబడి, ముట్టుకుంటే పొడిపొడిగా రాలింది.

అన్న కూతురికి పెళ్ళి కుదిరింది. ఆ పిల్ల తాత కారులోనే మండపానికి పోతానంది. పాత కార్లు ఇప్పుడు పెళ్ళిళ్ళలో ఫ్యాషన్. పాత మనుషుల దాకా ఆ ఫ్యాషన్ ఇంకా రాలేదు. అందుకే మా అన్న నెల్లూరు నుంచి ఎవరో మెకానిక్కును పిలిపించాలనుకున్నాడు. ఆ సంగతి తెలిసి చిన్నాయన పొద్దున్నే గోతం భుజాన వేసుకొని గుంటల దగ్గరికి వచ్చాడు.

“ఎవుర్నో నెల్లూరు నించి పిలిపిస్తుండావంటనే?” అన్నాడు మా అన్నతో.

“నీకెందుకు శ్రమని చిన్నాయనా.”

“శ్రమని నేనన్నానా? ఈ బండికి ముందు వైరింగ్ మార్చింది ఎవుడ్రా? మీ నాయన బానెట్ మీద కూర్చోని శెనక్కాయలు తింటా, ఆ పొట్టంతా నా మీదే పోసినాడు.”

అన్న నావైపు చూశాడు. నేను షెడ్డు కప్పువైపు చూశాను.

“ఒరే,” అన్నాడు చిన్నాయన, గొంతు తగ్గించి. “నాయుడుపేటోళ్ళందరూ వస్తారు గదా పెండ్లికి. నాతో పాటు కొట్లు పెట్టినోళ్ళు, ఆ జీపోడు, అందరూ. ఈ బండి మండపం గేటు దాకా పోతే సాలు నాకు. ఇంకేం అడగను.”

ఆ మాటకు కాదనడం మా అన్న వల్ల కాలేదు. మా అన్న చెడ్డవాడు కాదు. ఈ కథలో చెడ్డవాళ్ళెవరూ లేరు. ఉండి ఉంటే నాకు కొంచెం సుఖంగా ఉండేది.

చిన్నాయన పని చూడటానికి నేను రోజూ కాలేజీ అయ్యాక వెళ్ళేవాణ్ణి. ఆయన పాత వైర్ల కట్టను తెగినచోట తెగినట్టే బయటికి తీసి, ఒక పెద్ద చెక్క మీద పరిచాడు. అది ఎక్కడ వంగితే అక్కడ, ఎక్కడ చీలితే అక్కడ మేకులు కొట్టాడు. తర్వాత పాతదాన్ని ఎత్తేసి, ఆ మేకుల వెంట కొత్త వైర్లు ఒక్కొక్కటే పరుస్తూ పోయాడు. అన్నీ పడ్డాక వాటిని టేపుతో చుట్టలేదు. వల అల్లే నైలాన్ దారంతో జానెడుకొక ముడి వేసి కట్టాడు. పులికాట్ పడవల వాళ్ళు వేసే ముడి అది. ఉప్పు గాలికి టేపు బంక కారి ఊడిపోతుందనీ, ఈ ముడి మాత్రం తడిసేకొద్దీ బిగుస్తుందనీ చెప్పాడు. గ్లాసు పట్టుకుంటే వణికే ఆయన వేళ్ళు, తీగ పట్టుకుంటే వణికేవి కావు. నేను పరీక్షగా చూశాను. ఒక్కసారి కూడా వణకలేదు.

పన్నెండు రోజులు పట్టింది. పెళ్ళికి ముందురోజు మధ్యాహ్నం బ్యాటరీ తగిలించి స్టార్ట్ చేశాడు. లైట్లు వెలిగాయి. హారన్ మోగింది. వైపర్ ఒకటే తిరిగింది, కానీ అది మా నాయన కాలంలో కూడా ఒకటే తిరిగేది. చిన్నాయన చేతులు తుడుచుకొని, రేపటికి చొక్కా ఇస్త్రీ చేయించుకోవాలని ఇంటికి పోయాడు. గోతం అక్కడే వదిలి వెళ్ళాడు.

సాయంత్రం నేనూ అన్నా కారు కడుగుతున్నాం. అన్న బానెట్ ఎత్తి, ఎత్తినట్టే నిలబడిపోయాడు.

“ఇది చూడరా. ఎర్రది బాడీకి బిగించినాడు.”

బ్యాటరీ ప్లస్ నుంచి వచ్చిన లావు ఎర్ర తీగ తిన్నగా కారు ఇనప బాడీకి బోల్టు వేసి ఉంది. నల్లది వైరింగులోకి పోయింది.

మా గుంటల మీద కరెంటు గురించి చదువు రానివాళ్ళకు కూడా తెలిసిన సూత్రం ఒకటుంది. ఎర్ర తీగ బాడీకి తగలకూడదు. రెండేళ్ళ కిందట నీళ్ళు చిలికే ఏరియేటర్ మోటారుకు ఎవరో ఎర్ర తీగను బాడీకి కలిపారు. దాన్ని సర్దడానికి నీళ్ళలోకి దిగిన మనిషి మళ్ళీ నడిచి రాలేదు. ఆయన్ని గట్టుకు లాగినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ రోజు నుంచి మా అన్న గుంటల మీద ఎర్ర తీగ కనిపిస్తే దాని రెండో చివర ఎక్కడుందో చూసిగానీ అన్నం తినడు.

కారు బ్యాటరీ పన్నెండు వోల్టులు. దాంతో చీమ కూడా చావదు. ఆ సంగతి నేను జీతం తీసుకొని చెబుతాను. అయినా ఆ ఎర్ర తీగ ఇనుముకు బిగించి ఉండటం చూసి నేనూ చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మా అన్న కొత్త కారు బానెట్ ఎత్తి చూశాను. అందులో నల్లదే బాడీకి ఉంది. పోల్చి చూడటం శాస్త్రీయ పద్ధతి కాబట్టి, నాకు సందేహం తీరిపోయింది.

“ఆయనకు కండ్లు కనపళ్ళేదురా పాపం,” అన్నాడు అన్న. “రేపు పిల్ల పట్టుచీర కట్టుకోని, ఒంటి నిండా బంగారంతో కూర్చుంటాది దీంట్లో.”

“ఫోన్ చేసి అడుగుదామా?”

“వద్దురా. అంత కష్టపడి చేసినాడు. ఇప్పుడడిగితే నొచ్చుకుంటాడు. మార్చేసి గమ్మునుండు.”

అలా మా చిన్నాయన మనసు నొప్పించకూడదని మేము ఆయన పనిని మార్చాం.

బ్యాటరీని అటుదిటు తిప్పి, ఎర్ర తీగ మైనస్‌కూ నల్లది ప్లస్‌కూ వచ్చేలా పెట్టాను. తీగల కొనలకున్న బిగింపులు మారడానికి ఒప్పుకోలేదు. ఒకటి ఇరుకైంది, రెండోది వదులైంది. ఇరుకైనదాన్ని స్పానర్‌తో కొట్టి దించాను. వదులుదానికి కూల్‌డ్రింకు డబ్బా రేకు కత్తిరించి చుట్టాను. ఒక పాత కారు ఇంతకంటే గట్టిగా వద్దని ఎలా చెబుతుందో నాకు తెలియదు. లైట్లు వేశాను, వెలిగాయి. హారన్ కొట్టాను, మోగింది. డాష్‌బోర్డు మీద కరెంటు చూపించే ముల్లు మాత్రం ఎప్పుడూ పోయే దిక్కుకు ఎదురు పోయింది.

“ముల్లు పాతదైపోయింది,” అన్నాను. అన్న తలాడించాడు. ఫిజిక్స్ చదివినవాడు చెప్పాక ఇంకేముంది?

మర్నాడు కారు నేనే నడిపాను. వెనక సీట్లో పెళ్ళికూతురు. మా అన్నావాళ్ళు వెనక వ్యానులో. ఊళ్ళో మేళం వెంట నడిచినంతసేపూ కారు పెళ్ళికొడుకంత బుద్ధిగా నడిచింది. హైవే ఎక్కి వేగం పెంచాను. అయిదు నిమిషాలు గడిచాయో లేదో, “ఏందో కాల్తాండాది,” అంది పిల్ల. డాష్‌బోర్డు కింద నుంచి తెల్లగా పొగ వచ్చింది. కారు పక్కకు తీసి, పిల్లను దింపి, బ్యాటరీ తీగ ఊడబెరికేసరికి చెక్క మీద పన్నెండు రోజులు పరిచిన కట్ట సగం కరిగిపోయింది. కాలిన నైలాన్ వాసన మల్లెపూల వాసనను మింగేసింది.

పిల్ల వ్యాను ఎక్కి పెళ్ళికి పోయింది. పెళ్ళి లక్షణంగా జరిగింది.

చిన్నాయన అంతకు ముందే బస్సులో వెళ్ళి మండపం గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా. చుట్టూ ఆ కాలం కొట్ల వాళ్ళు నలుగురు. వ్యానులోంచి దిగిన నన్ను చూసి, నా వెనక రోడ్డు చూశాడు.

“కారేదిరా?”

“దార్లో ఆగింది చిన్నాయనా. పొగొచ్చింది.”

“యాడ నించి?”

“లోపల్నించి. వైర్లు కాలినాయి.”

పక్కనున్న నలుగురిలో ఒకాయన చాలా మర్యాదగా, “పోనీలే అన్నా, వయసు,” అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆ రోజు చిన్నాయన భోజనానికి కూర్చోలేదు. షుగరని చెప్పాడు. ఆయనకు షుగర్ లేదు.

తీగలు మార్చిన సంగతి నేను చెప్పలేదు. దాచాలని కాదు. ఆయన చేసిన తప్పును నేను సగం సర్దాననే అప్పటికీ నా నమ్మకం. మా అన్న ఇంకొంచెం ముందుకు పోయి, మార్చబట్టే పిల్ల బతికిందని నమ్మాడు.

మూడో రోజు చిన్నాయన షెడ్డుకు వచ్చాడు. బ్యాటరీని అప్పటికే అన్న గుంటల మీద జనరేటర్‌కు పెట్టేశాడు. కాబట్టి ఆయన చూడటానికి కాలిన కట్ట తప్ప ఏమీ లేదు. దాన్ని ఒళ్ళో పెట్టుకొని, ఈ చివర నుంచి ఆ చివర దాకా వేలితో తడుముతూ తన తప్పు ఎక్కడుందా అని వెతికాడు. గంటసేపు వెతికాడు. చివరికి ఒక అతుకు దగ్గర ఆగాడు.

“ఇక్కడ టంకం సరిగ్గా పట్టలా,” అన్నాడు. “ఇదే. నా చెయ్యే.”

నేను తలాడించాను. ఓదార్పుగా భుజం మీద చెయ్యి కూడా వేశాను.

ఆ వారంలోనే గోతాన్ని దొరవారిసత్రంలో మోటార్లు బాగుచేసే ఒకతనికి ఇచ్చేశాడు.

నెల తర్వాత, కారు అమ్మేద్దామని అన్న అంటే, నేను ఇంజన్ పక్కన జిడ్డు తుడుస్తున్నాను. బ్యాటరీ పెట్టే గూటి గోడకు వేలెడంత రేకు ముక్క ఒకటి బయటపడింది. దాని మీద ప్లస్ గుర్తు, దాని కింద ఎర్త్ గుర్తు; కారుకు ఎర్త్ అంటే బాడీయే. ఆ గుర్తును నేను ఏటా బోర్డు మీద గీస్తాను. ఆ రోజుల్లో అలాంటి కార్లకు ప్లస్సే బాడీకి కలపాలట. ఎర్ర తీగ ఉండాల్సిన చోటే ఉంది. అటుదిటు చేస్తే, కారు మెల్లగా పోయినంతసేపూ ఏమీ కాదు. వేగం అందుకొని డైనమో కరెంటు పుట్టించడం మొదలుపెట్టగానే, అదీ బ్యాటరీ కలిసి మధ్యనున్న వైర్లను కాల్చేస్తాయి. చిన్నాయన ఇది మాకు చెప్పలేదు. బండి ముందుకు నడుస్తుందని కూడా చెప్పలేదు; ఆయనకు రెండూ అంత మామూలు సంగతులు.

అన్న దగ్గరికి పోయాను. “నువ్వూ రా. ఇద్దరం పోయి చెప్దాం.”

“ఇప్పుడెందుకురా? ఆయన మరిచిపోయినాడు. మళ్ళా గెలకబాక,” అన్నాడు. చూపు గుంటల మీదే ఉంది.

ఒక్కణ్ణే పోయాను. చిన్నాయన వాకిట్లో కూర్చొని ఉన్నాడు. మొత్తం చెప్పాను. ఎర్ర తీగ, స్పానర్, డబ్బా రేకు, ముల్లు, అన్నీ. ఆయన మధ్యలో అడ్డం రాకుండా విన్నాడు. విని, నవ్వాడు.

“చిన్నప్పట్నించీ ఇంతే నువ్వు. ఎవురన్నా దిగులుగా ఉంటే ఏందో ఒకటి కల్పించి నవ్విస్తావు.”

“కల్పించలా చిన్నాయనా. నిజంగా నేనే మార్చినా.”

“ప్లస్సు బాడీకని నాకు తెలుసు. నాలుగో తరగతి చదివినోడికి నాకే తెలిస్తే, అంత ఫిజిక్స్ చదివినోడివి నీకు తెలీదా? ఎవుడన్నా నమ్ముతాడా?”

ఫోన్‌లో ఆ రేకు ముక్క ఫోటో చూపించాను. కళ్ళకు దగ్గరగా పెట్టుకొని చూసి, తిరిగి ఇచ్చేశాడు.

“ఇది ఉండేదేలే. నువ్వు మార్చినావనేదానికి ఇదేం సాక్ష్యం?” అన్నాడు. తర్వాత నా మోకాలు తట్టాడు. “నువ్వు బాధపడబాక. చెయ్యి పోయింది, పోయింది. దానికి నువ్వేం చేస్తావు?” లోపలికి చూసి, టీ పెట్టమని పిన్నమ్మకు కేక వేశాడు. నేను తాగాను. చక్కెర ఎక్కువేసింది, నాకిష్టమని.

ఆయన నన్ను నమ్మలేదు గానీ, నేను చెప్పింది అందరికీ చెప్పాడు. తన అన్న కొడుకు తనకోసం నింద నెత్తిన వేసుకోవడానికి వచ్చాడని, ఈ రోజుల్లో అలాంటి పిల్లలు ఎక్కడున్నారని. ఊళ్ళో నా మీద అంతకు ముందు లేని గౌరవం ఏర్పడింది. మొన్న బస్టాండులో, ఆ పెళ్ళినాడు ‘వయసు’ అన్న పెద్దాయనే నన్ను ఆపి చెయ్యి పట్టుకున్నాడు. మీ చిన్నాయన్ని కాపాడేదానికి తప్పు నీదేనన్నావంట గదా అన్నాడు.

కాపాడటానికి కాదండీ, తప్పు నిజంగా నాదేనన్నాను.

పక్కనున్నవాళ్ళతో ఆయన, పిల్లోడికి వినయం కూడా ఉందన్నాడు.