డెల్మర్ ఇంటికి సరిపడే తూటా

డెల్మర్ టాకెట్ పోయాక మా లోయలో అందరూ అతని గురించి మంచి మాటలే చెప్పారు. బతికుండగా వాళ్ళలో సగంమంది అతన్ని పిసినారి అనేవాళ్ళు. పిసినారితనం వేరు, చేతిలో లేకపోవడం వేరు. ఆ తేడా తెలియనివాళ్ళతో నేనెప్పుడూ వాదించలేదు. వాదిస్తే నా నోరు ఊరుకోదు.

నా పేరు ఓపల్, హెర్షెల్ కొట్లో పనిచేస్తాను. కోళ్ళ మేత, విత్తనాలు, మేకులు, తుపాకీ తూటాలు అన్నీ ఒకే గల్లా దగ్గర అమ్ముతాం. హెర్షెల్, డెల్మర్, నేను చిన్నప్పుడు ఒకే బళ్ళో చదివాం. మీసాలు సరిగ్గా రాకముందే డెల్మర్ బొగ్గు గనిలోకి దిగాడు. గని మూతపడే నాటికి అతని ఊపిరితిత్తుల నిండా ఆ బొగ్గు దుమ్మే ఉంది. కొట్టు మెట్లు ఎక్కి వచ్చి, గల్లా బల్ల పట్టుకుని, ఊపిరి అందాక గానీ మాట్లాడేవాడు కాదు. భార్య వెర్నా పోయాక వాగు పక్కన ట్రైలర్ ఇంట్లో ఒక్కడే ఉండేవాడు. లారీ మీద తెచ్చి దిమ్మెల మీద దింపిన రేకు ఇల్లది. ఆదివారం ఒక కుండెడు చిక్కుడు గింజలు ఉడకేసుకుని, వారం మధ్య దాకా మొక్కజొన్న రొట్టెతో అవే తినేవాడు. "మళ్ళీ అవేనా" అంటే, "లేదు, నిన్న చిక్కుళ్ళూ రొట్టె, ఇవాళ రొట్టే చిక్కుళ్ళూ" అనేవాడు.

ఆకులు రాలే రోజుల్లో కూతురు కెండ్రా ఇద్దరాడపిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చేసింది. దాని మొగుడు రస్టీ చెయ్యి చేసుకోవడం కొత్త కాదు. ఈసారి ముంజేయి విరగ్గొట్టాడు. భార్యాపిల్లల దరిదాపులకు రాకూడదని జడ్జి కాగితం రాసిచ్చాడు. ఆ కాగితాన్ని డెల్మర్ ఫ్రిజ్‌కి అంటించి పెట్టాడు. మా పోలీసు అధికారి షెరీఫ్ ఉండేది కొండ అవతల. వాగు పొంగితే అక్కణ్ణించి ఇక్కడికి రోడ్డే ఉండదు.

ఒక రోజు పొద్దున్నే కొట్టుకొచ్చి, బల్ల పట్టుకుని ఊపిరి తీసుకుని, "హెర్షెలూ, నా రైఫిల్‌కి అన్నిటికన్నా చవక తూటా ఏదిరా?" అన్నాడు.

"దేనికి? జింకలకా?"

"జింక తలుపు తన్నుకుని లోపలికి రాదుగా."

హెర్షెల్ నవ్వలేదు. బల్ల మీద రెండు పెట్టెలు పెట్టాడు. "ఇవి చవక. ఇనుప తొడుగువి. ఎక్కడ చేశారో దేవుడికెరుక, కానీ పేలతాయి. ఇవి ముక్కు మెత్తవి. ఒంట్లోకి దిగితే విచ్చుకుని అక్కడే ఆగుతాయి. వీటి ధర..."

"చెప్పకు. ఊపిరితిత్తులు చాల్లే, గుండె జబ్బు కూడా తెప్పించకు."

"ఒక మెత్తపెట్టె డబ్బులకి ఇనుపవి మూడు పెట్టెలొస్తాయి."

"అయితే ఇంకేం, ఇనుపవే ఇవ్వు. పిల్లలకి చలికోట్లు కొనాలి."

"ఒరే, మొండి వెధవా, విను. నీది రేకు ఇల్లు. గోడలంటే అట్టముక్కలు. నీ తలుపు దగ్గర రస్టీని కొట్టావే అనుకో, ఆ ఇనుప తూటా వాడిలో ఆగదు. గోడలు దాటుకుంటూ పోతుంది. పిల్లలు ఎక్కడ పడుకుంటారు?"

డెల్మర్ ఆ రెండు పెట్టెల్నీ అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. పక్కన నిలబడి చూస్తున్న నాకు ఒళ్ళు మండింది. కూతురి చెయ్యి విరగ్గొట్టినవాడు ఎక్కడో హాయిగా బీరు తాగుతున్నాడు. వీడు ఇక్కడ ఏ తూటా కొంటే తన మనవరాళ్ళు బతుకుతారో లెక్కలు వేసుకుంటున్నాడు.

చివరికి హెర్షెల్ తన సొంత పెట్టెలోంచి రెండు రకాలవీ గుప్పెడేసి తీసి ఇచ్చాడు. "శనివారం మీ అన్న ఇంటి మీద కొట్టి చూద్దాం. చూశాక కొనుక్కో" అన్నాడు.

డెల్మర్ అన్న ట్రైలర్ వాగు దిగువన ఖాళీగా పడి ఉంది. అన్నదమ్ములిద్దరూ ఒకే రోజు, ఒకే చోట కొన్న ఇళ్ళవి. గది గదికీ పోలిక. మా లోయలో తూటా పరీక్ష అంటే చిన్న తిరునాళ్ళ లాంటిదే. ఫ్లాస్కుల్లో కాఫీ, రొట్టెల మధ్య వేయించిన పంది మాంసం, ఎవరి తూటా గొప్పదని పందాలు. ఆ శనివారం కూడా ఇరుగుపొరుగు వచ్చారు. మొదట్లో బాగానే నవ్వుకున్నాం.

డెల్మర్ తన ఇంట్లో ఎక్కడ నిలబడతాడో అన్న ఇంట్లోనూ అక్కడే నిలబడ్డాడు. పొయ్యి పక్కన. పొయ్యి ఇంటికి ఒక కొసన, పడకగదులు రెండో కొసన, బయటి తలుపు మధ్యన ఉంటాయి. పొయ్యి దగ్గర నిలబడ్డవాడికి ఆ తలుపు ఎదురు. కానీ తలుపు తన్నుకుని వచ్చినవాడి వెనకాల పడకగదుల దాకా మొత్తం ఇల్లు ఉంటుంది. అతను అటు గురిపెట్టి ఇనుప తూటా ఒకటి వదిలాడు. అందరం వెళ్ళి చూశాం. వంటగది గోడ, స్నానాలగది, పడకగది, అవతలి రేకు, అన్నీ దాటి ఎటు పోయిందో కూడా తెలియలేదు.

"చెప్పానా?" అన్నాడు హెర్షెల్. "ఇప్పుడు మెత్తది కొట్టు."

కొట్టాడు. మళ్ళీ వెళ్ళాం. వంటగది గోడకి చిల్లు, స్నానాలగది గోడకి ఇంకా పెద్ద చిల్లు. అవతలి రేకుకి మాత్రం లేదు. ఎవరో చప్పట్లు కొట్టారు. "ఆగింది! ఖరీదైందంటే ఖరీదైందే!" అని అరిచారు.

డెల్మర్ పడకగదిలోకి వెళ్ళాడు. అక్కడ అన్న పాత మంచం ఇంకా ఉంది. అతను ఒంగి, పరుపులోకి వేలు పెట్టి, అక్కణ్ణించి ఆ తూటాని బయటికి లాగాడు. పువ్వులా విచ్చుకుని ఉంది.

"ఆగిందిరా హెర్షెల్" అన్నాడు. "చిన్నది పడుకునే చోటే ఆగింది."

ఆ తర్వాత ఎవరూ కాఫీ తాగలేదు. ఫ్లాస్కులు మూసుకుని ఎవరిళ్ళకి వాళ్ళు పోయారు.

అంతటితో వదిలే మనిషి కాదు డెల్మర్. వాగులో ఇసుక తవ్వి, మేత సంచుల్లో నింపి, పిల్లల గది గోడకి ఆనించి పేర్చడం మొదలుపెట్టాడు. ఒక సంచి మోసి, కూర్చుని దగ్గి, ఇంకోటి మోసేవాడు. నడుమెత్తు దాకా పేర్చేసరికి, కింద ఎన్నాళ్ళుగానో తడికి నానిన నేల చెక్కలు పెళ్ళున విరిగి, సంచులన్నీ ఇంటి కిందికి జారిపోయాయి. దరిద్రుడు తలకడిగితే వడగళ్ళవాన అంటారే, అదీ సంగతి. ఆ గదిలో పడ్డ గొయ్యికి ప్లైవుడ్ ముక్క కొట్టి, పిల్లల్ని తల్లి పక్కలోకి మార్చారు.

వారం తర్వాత మళ్ళీ కొట్టుకొచ్చాడు. ఈసారి మొహం తేటగా ఉంది. నాకు ఆశ కలిగింది కూడా.

"ఓపలూ, ఇనుపవి ఒక పెట్టె ఇవ్వు."

"పిచ్చా నీకు? చూశావుగా!"

"లోపల నిలబడితే కదా ఆ గోల? నేను బయట వరండాలో కూర్చుంటా. వెనక ఇల్లుంటుంది. ముందు కొండుంటుంది. తూటా పోయి కొండకి తగిలితే కొండేం ఏడవదు. అప్పుడు చవకదైతేనేం?"

"రాబోయేది చలికాలం. నీ ఊపిరితిత్తులు..."

"అవెక్కడివే నావి? ఎప్పుడో కంపెనీకి అమ్మేశాగా."

నేను పెట్టె ఇచ్చాను. ఇవ్వక ఏం చెయ్యను? ఇంకో దారి చూపించమంటే నా దగ్గరా లేదు, హెర్షెల్ దగ్గరా లేదు, జడ్జి దగ్గర అసలే లేదు. మిగిలిన డబ్బుతో అదే రోజు పిల్లలకి ఎర్ర కోటొకటి, నీలం కోటొకటి కొన్నాడు.

పాత ట్రక్కులోంచి సీటు పీకి వరండాలో వేసుకున్నాడు. చీకటి పడింది మొదలు తెల్లారేదాకా అందులోనే. నేను పొద్దున్నే పనికి పోతూ చూసేదాన్ని. టోపీ మీద మంచు, ఒళ్ళో రైఫిల్, మీద వెర్నా కుట్టిన బొంత. చెయ్యి ఊపితే ఊపేవాడు. ఒకసారి కారాపి దిగాను. కెండ్రా గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది.

"చెప్పు అత్తా, నువ్వైనా చెప్పు. లోపలికి రమ్మంటే రాడు. నా కోసం చచ్చిపోతాడా ఈ మనిషి?"

"నీ కోసం కాదులే, పొగరుబోతు దానా" అన్నాడు డెల్మర్. "లోపల నీ గురక పడలేక."

చిన్న మనవరాలు లేసీ ఎర్ర కోటు వేసుకుని అతని మోకాలికి ఆనుకుని నిలబడింది. "తాతా, నువ్వు ఎలుగుబంటి కోసం కూర్చున్నావా?" అంది.

"అవునమ్మా. ఎలుగే."

"వస్తే?"

"నన్ను చూసి పోతుంది."

నిజంగానే వచ్చాడు. జనవరిలో ఒక సాయంత్రం రస్టీ ట్రక్కు వంపు దగ్గర ఆగింది. లైట్లు ఆర్పలేదు. డెల్మర్ లేచి నిలబడ్డాడు, అంతే. రైఫిల్ ఎత్తను కూడా ఎత్తలేదు. కాసేపు చూసి ట్రక్కు వెనక్కి పోయింది. ఆ సంగతి కొట్లో చెప్పేటప్పుడు డెల్మర్ కళ్ళు మెరిశాయి. మొత్తం చలికాలంలో అతనికి దక్కిన సంతోషం అదొక్కటే.

ఫిబ్రవరిలో న్యుమోనియా పట్టుకుంది. ఆసుపత్రిలో నన్ను చూడగానే మూతికున్న గొట్టం పక్కకి లాగి, "ఓపలూ, ఇవాళ ఎవరు కూర్చున్నారు?" అన్నాడు. హెర్షెల్ కూర్చున్నాడని చెప్పాను. అబద్ధం కాదు. కానీ హెర్షెల్‌కి నడుం నొప్పి, ఇంట్లో పక్షవాతం వచ్చిన భార్య. అతనైనా ఎన్నాళ్ళు కూర్చోగలడు? డెల్మర్‌కి ఆ మాట తెలుసు. కళ్ళు మూసుకున్నాడు, నాతో మళ్ళీ మాట్లాడలేదు.

శవపేటిక మొయ్యడానికి మా లోయలో మగవాళ్ళు కరువు. ఉన్నవాళ్ళకి ఊపిరి లేదు, ఊపిరి ఉన్నవాళ్ళు ఊళ్ళో లేరు. ఒక మూల ఖాళీ పడింది. చర్చి వెనక వరసలోంచి రస్టీ లేచి వచ్చాడు. తెల్లచొక్కా, నున్నగా దువ్విన తల. షెరీఫ్ మనిషి గుమ్మం దగ్గరే ఉన్నాడు, కెండ్రా వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది, వదిలెయ్యమని. మామ తన కూతుర్ని ఎవరి నుంచి కాపాడుకోవాల్సి వచ్చిందో ఆ అల్లుడే మామ పెట్టె మోశాడు. నేను ఉమ్మెయ్యబోయి, దేవుడి ఇల్లు కదా అని మింగాను.

పూడ్చాక అందరూ చెదిరారు. కెండ్రా పిల్లల్ని రస్టీ ట్రక్కులోకి ఎక్కిస్తోంది. నేను పరుగెత్తుకెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. విరిగి అతుక్కున్న చెయ్యి అది.

"ఏం చేస్తున్నావే? మతి పోయిందా?"

"ట్రైలర్ ఉన్న స్థలానికి అద్దె కట్టాలి అత్తా. నాన్న పింఛను ఆగిపోయింది."

"అద్దె సంగతి తర్వాత. వాడు చంపేస్తాడు నిన్ను."

"ఎప్పుడొస్తాడో, ఎప్పుడొస్తాడో అని చెవులు రిక్కించుకుని పడుకునే కంటే, ఇంట్లోనే ఉన్నాడని తెలిస్తే కాస్త నిద్రైనా పడుతుంది." ఆమె ఏడవడం లేదు. అది చూసే నాకు భయమేసింది.

"మా ఇంటికి రా" అన్నాను. "ముగ్గురూ రండి. ఉన్నదే తిందాం. నేనుంటా మీకు."

కెండ్రా నా వైపు జాలిగా చూసింది.

"నీదీ ట్రైలరే కదా, అత్తా" అంది. "గోడలు అవే కదా."

పిల్లల్ని లోపలికి జరిపి, తలుపు వేసుకుంది.