నాగావళి ఒడ్డున రెండు దెబ్బలు

ఆ రోజు బండిలో ఉన్నవాళ్లు నలుగురు: నేను, మా అక్క, బావ, వాళ్ల ఆరేళ్ల కూతురు కుసుమ. సామాన్లు: రెండు మంచాలు, గ్యాస్ పొయ్యి, చిన్న సింకు, ఎనభై లీటర్ల నీళ్ల ట్యాంకు, నా పనిముట్ల పెట్టె. ఈ జాబితాలో ఇంకేదైనా చేర్చాల్సి వస్తుందని నేను అనుకోలేదు. మెకానికల్ డిప్లొమా చదివాను. చప్పుడు వస్తే ఏ నట్టు వదులైందో చూస్తాను. దయ్యాల మాట ఎవరెత్తినా లేచి వెళ్లిపోయేవాణ్ణి.

పాత టెంపో వ్యాను ఒకటి కొని, సీట్లు పీకేసి, రాజాంలో మా షెడ్డులో ఐదు నెలలు పనిచేసి కారవాన్‌గా మార్చాను. యాత్రలకు అద్దెకివ్వాలని. మొదటి దూరప్రయాణం పార్వతీపురం మీదుగా రాయగడకు. ఆ దారిలో ఒకచోట నాగావళి రెండు కొండల మధ్య ఇరుకున పడి వస్తుంది. రోడ్డుకు ఒకవైపు కొండ, రెండోవైపు లోతున నది. చాలా అందమైన చోటు. ఇప్పటికీ ఆ మాట కాదనను.

నడిపింది బావ. పదేళ్లు పాలకొండ రోడ్డులో సర్వీసు ఆటో తోలాడు. మావైపు సర్వీసు బళ్లకు కండక్టరు ఉండడు. దిగాల్సినవాళ్లు బాడీ మీద ఒక దెబ్బ వేస్తే బండి ఆపాలి. అందరూ ఎక్కాక రెండు దెబ్బలు వేస్తే పోనివ్వాలి. డ్రైవరు వెనక్కి తిరిగి చూడడు.

మధ్యాహ్నం పన్నెండున్నరకు నది పక్కన చదునైన చోట ఆగి తిన్నాం. ఎండ బాగా ఉంది, గాలి లేదు. తిన్నాక బావ క్యాబిన్‌లోకి వెళ్లి కూర్చున్నాడు. క్యాబిన్‌కూ గదికీ మధ్య నేను పెట్టిన చెక్క గోడ, అందులో చిన్న కిటికీ ఉన్నాయి. అక్క తలుపువైపు వీపు తిప్పి సింకులో గిన్నెలు కడుగుతోంది. నేను మంచం కిందికి దూరి ట్యాంకు పైపు బిగిస్తున్నాను. కుసుమ బయట తలుపు దగ్గరే రాళ్లు ఏరుకుంటోంది.

"ఒసే, ఎక్కు. బయల్దేరతన్నాం," అంది అక్క, తల తిప్పకుండానే.

తలుపువైపు బండి కుంగింది. కుసుమే ఎక్కిందనుకున్నాం. మళ్లీ కుంగింది. మళ్లీ. మెట్టు మీద గెంతుతోందనుకున్నాను. నా ముఖం పక్కనే నేలమీద వాలు చూసే రసమట్టం ఉంది. అందులో బుడగ ఒక్కోసారీ కొంచెం జరిగి, తిరిగి రాలేదు. నేను లెక్కపెట్టలేదు.

తలుపు పడింది. నా తలపైన, బాడీ మీద రెండు దెబ్బలు.

బావ గేరు వేశాడు.

ఎత్తెక్కుతుంటే ఇంజను మూలిగింది. కిటికీలోంచి బావ అన్నాడు: "ఒరే, లాగట్లేదేటిరా? పెళ్లోల్నేటైనా ఎక్కించినావా?"

"నీళ్లే బావా," అన్నాను.

కుసుమ పడుకుందనుకుని అక్క చెయ్యి తుడుచుకుని పై మంచం తెర తీసింది. అక్కడ ఎవరూ లేరు. కింద మంచం చూసింది. "పాపేదిరా?" అంది. గొంతు పెద్దది చెయ్యలేదు. ఆ మాట నాకు ఇప్పటికీ వినబడుతుంది.

అప్పటికి నాలుగు కిలోమీటర్లు వచ్చాం. రోడ్డు ఇరుకు, తిప్పడానికి చోటు లేదు. ఆ చోటు దొరికేదాకా ఇంకో అర కిలోమీటరు ముందుకే వెళ్లాం. అక్క నదివైపు అద్దానికి ముఖం ఆనించి కూర్చుంది. పిల్ల నీళ్లలోకి దిగిందేమో అన్న మాట ఎవరూ అనలేదు.

కుసుమ రోడ్డు అంచున నిలబడి ఉంది. ఏడవడం లేదు. అక్క దాన్ని ఎత్తుకుని కింద కూర్చుండిపోయింది.

"ఎక్కకుండా బండినెందుకు కొట్టినావే?" అన్నాడు బావ.

"నాను కొట్నేదు నాన్నా. బండి నిండిపోనాది, తర్వాత ట్రిప్పుకి రమ్మన్నారు."

"ఎవులే?"

"ఎక్కినోలు. నాను తలుపు కడ్డీ పట్టుకుంటే ఒకావిడ నా యేళ్లు ఊడదీసేసినాది."

రాయగడ వెళ్లలేదు. వచ్చిన దారినే తిరిగి వచ్చాం. అక్క పిల్లను ఒళ్లోంచి దింపలేదు. బావ ఎక్కడా ఆపలేదు.

తర్వాత ఒక్కొక్కటీ పరిశీలించాను. ఆగిన చోట నేల గట్టిదే, టైర్ల కింద కుంగిన గుర్తు లేదు. స్ప్రింగులు బాగున్నాయి. దెబ్బలు వినబడిన ఎత్తు నేల నుంచి ఆరడుగులు. కుసుమ చెయ్యి నాలుగడుగులకు మించి అందదు. బండి మొదటి యజమానిని కలిశాను. అనకాపల్లిలో బడిపిల్లల కోసం తిప్పాడట, ఈ కొండలవైపు ఎప్పుడూ రాలేదట. ట్రిప్పు, నిండిపోవడం లాంటి మాటలు బావ కూతురికి కొత్తవి కావు, కల్పించి ఉండొచ్చు. కానీ ఆ రాత్రి అక్క చూపించిన దాని కుడిచెయ్యి వేళ్లు నాలుగూ కమిలిపోయి ఉన్నాయి.

బండి షెడ్డులోనే ఉంది. అద్దెకు ఎవరడిగినా ఇంకా పని మిగిలిందని చెబుతున్నాను.

వారం తర్వాత, అక్క పక్కన లేనప్పుడు, ఎంతమంది ఎక్కారని కుసుమను అడిగాను. అది కళ్లు మూసుకుని వేళ్లు మడవసాగింది. పది వేళ్లూ అయ్యాక మొదటి వేలు మళ్లీ మడిచింది.

పదకొండు.