అత్తగారి పంతం, కాగితంపూల మొక్క

అత్తగారి మీద కక్షతో రైట్‌రైట్ ఆవిడ మొక్కను నీళ్లివ్వకుండా చంపుతోందని వీధి వీధంతా చెప్పుకుంది. అత్త మీది కోపం దుత్త మీద చూపడమంటే ఇదేనని తీర్పు కూడా చెప్పేసింది. ఇందులో అబద్ధమెంతో నిజమెంతో తేల్చాలంటే కథ మొదటినుంచీ చెప్పుకోవాలి. వీధి చూసింది సగమే. మిగతా సగానికి కిటికీ తెర అడ్డం వచ్చింది.

రైట్‌రైట్ అంటే రెండో అంతస్తు కోడలు, బస్సు కండక్టరు. మనిషి బక్కపలచన గానీ గొంతు మాత్రం వెనక వచ్చే బస్సులోకి కూడా వినబడుతుంది. కాలు పెట్టే చోటు లేని బస్సులో ఇంకో పదిమందిని ఎక్కించగలదు. టిక్కెట్టు ఎగ్గొట్టడానికి నిద్ర నటించేవాణ్ణి గురకను బట్టి పట్టేస్తుంది. తెల్లవారకముందే మొదటి బస్సుకు వెళ్లి, మధ్యాహ్నానికి ఇల్లు చేరి, ఖాకీ చొక్కా అయినా విప్పకుండా మంచం మీద వాలిపోతుంది. సరిగ్గా అప్పుడే అత్తగారికి మిక్సీతో పని పడేది.

పట్టపగలు పడుకునే ఆడదాన్ని చూస్తే అత్తగారికి ఒళ్లు మంట. మిక్సీ చప్పుడు వింటే కోడలికి అంతకు రెండింతలు. మధ్యలో కొడుకు ఒకడున్నాడు. ఉన్నాడన్న మాటే గానీ, అటు అమ్మకూ ఇటు పెళ్లానికీ తలూపి ఊపి మెడనొప్పి తెచ్చుకోవడం తప్ప అతను చేసిందేమీ లేదు. ఒకరోజు కోడలు మంచం మీంచి లేచొచ్చి, మిక్సీ జారు ఊడదీసి పట్టుకెళ్లి, తలగడ కింద పెట్టుకుని పడుకుంది. అత్తగారు పెట్టె సర్దేసింది.

వెళ్తూ వెళ్తూ మెట్ల మలుపులో ఉన్న తన కాగితంపూల మొక్కను చూపించి, అది పూసిన రోజే మళ్లీ ఈ గడప తొక్కుతానని అనేసింది. అన్నాక గానీ గుర్తురాలేదు, ఆ మొక్క తన చేతిలో ఏళ్ల తరబడి పెరిగినా ఒక్క పువ్వు పూసిన పాపాన పోలేదని. పూట పూటకూ నీళ్లు, బియ్యం కడిగిన కుడితి, అన్నీ తాగి ముళ్లు మాత్రం బలంగా పెంచుకుంది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. వెనకనుంచి ఎవరైనా "ఉండండి" అంటారేమోనని ఆవిడ మెట్లు మహా నింపాదిగా దిగింది. ఎవరూ అనలేదు.

వెనక వీధిలో చిన్నకొడుకిల్లు. చిన్నకోడలు వెన్నముద్ద లాంటి మనిషి. అత్తగారిని గ్లాసు ఎత్తనివ్వదు, మంచం దిగనివ్వదు, ఏమన్నా "అలాగే అత్తయ్యా" అంటుంది. అలాగే అనేవాళ్లతో ఎంతసేపని పోట్లాడతారు? కొద్దిరోజులకే ఆవిడకు ఒళ్లొచ్చింది, నాలుకకు తుప్పు పట్టింది. పెద్దకొడుకింటికి పోవాలని ప్రాణం కొట్టుకుంటోంది. పోవాలంటే మొక్క పూయాలి.

అలాంటప్పుడు ఆ మేడ కింది అంతస్తులో ఉండే దర్జీ ఆవిడ కబురు మోసుకొచ్చింది. రైట్‌రైట్ మొక్కకు చుక్క నీళ్లు పోయడం లేదట. ఆకులు రాలి మెట్లన్నీ గలగలలాడుతున్నాయట.

"మీరు మళ్లీ రాకూడదని ఎత్తు వేసింది పిన్నిగారూ. మొక్క చస్తే మీ దారి మూసుకుపోయినట్టేగా" అని సానుభూతితో టీ తాగి వెళ్లింది.

మర్నాడు కోడలు డ్యూటీలో, కొడుకు పనిలో ఉండే వేళ చూసుకుని, అత్తగారు చేతిసంచిలో నీళ్లసీసా దాచుకుని దొంగలా ఆ మెట్లెక్కింది. అప్పటికి మొక్క సగం బోడిగా ఉంది. కొమ్మల చివర ఏవో గులాబిరంగు నలకలు కనిపిస్తే, నీళ్లులేక తెగులు పట్టిందనుకుని అన్నీ గిల్లి పారేసింది. ఎన్నడూ పూయని మొక్కకు మొగ్గ ఎలా ఉంటుందో ఆవిడకు మాత్రం ఏం తెలుసు? సీసా మొత్తం కుమ్మరించింది. ఆనాటి నుంచి రోజూ అదే వరస. దర్జీ ఆవిడ కనిపెట్టి అడిగితే, మెట్లెక్కడం మోకాళ్లకు మంచిదని డాక్టరు చెప్పాడంది.

మొక్క తేరుకుంది. అరచేతంత ఆకులేసి కమ్మీల మీదికి పాకింది. ఇంకేం, రేపో మాపో పూస్తుందని ఆవిడ పెట్టె కూడా సగం సర్దుకుంది. ఆకు మీద ఆకు వచ్చింది గానీ పువ్వు రాలేదు.

ఒకరోజు వెళ్లేసరికి మెట్ల మలుపులో కుండీ లేదు, గచ్చు మీద దాని గుండ్రటి మరక ఉంది. రైట్‌రైట్ మొగుడి చేత కుండీని డాబా మీదికి మోయించి, నీళ్లట్యాంకు పక్కన నడి ఎండలో పెట్టించి, డాబా తలుపుకు తాళం వేసి, తాళంచెవి కండక్టరు సంచిలో వేసుకుపోయిందని దర్జీ ఆవిడ చెప్పింది. ఆ పూట అత్తగారికి ముద్ద దిగలేదు. అప్పట్నుంచి సూదులనీ దారాలనీ వంక పెట్టి ఆ వీధికొచ్చి, మెడ నొప్పెట్టేదాకా పిట్టగోడ కేసి చూసేది. ముళ్ల పుల్లలు తప్ప ఏమీ కనిపించేవి కావు. వీధిలో అందరూ పాపం అన్నారు. చాలా ఆనందంగా అన్నారు.

ఒక సాయంత్రం పిట్టగోడ మీద ఎర్రగా ఏదో కనిపించింది. ఎవరో లంగా ఆరేశారనుకుంది. మర్నాడు చూస్తే ఇంకాస్త పెద్దదైంది. ఎంత మంచి గుడ్డయినా ఆరేస్తే పెరగదు. అత్తగారు వెనక్కి వెళ్లి, పెట్టె పట్టుకుని వచ్చి, రొప్పుకుంటూ డాబా ఎక్కింది.

తలుపు తీసే ఉంది. రైట్‌రైట్ ఖాకీ చొక్కాతో బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఉంది. పక్కన మొక్క. ఆకన్నది లేదు, అంతా రంగే. రంగుగా ఉన్నవి కూడా నిజానికి ఆకులేనని, అసలు పువ్వు మధ్యలో తెల్లగా ఉన్న ఆ చిన్నదేనని కోడలు వేలుపెట్టి చూపించింది. బస్సు డిపోలో ఇలాంటివే రెండున్నాయట. మేనేజరు గది ముందున్నదానికి రోజూ పైపుతో నీళ్లు, అది ఎప్పుడు చూసినా పచ్చటి పొద. డీజిలు షెడ్డు వెనకున్నదానికి పొగ తప్ప దిక్కులేదు, అది మంటలా పూస్తుంది. నీళ్లు పుష్కలంగా ఉంటే దానికేం తొందర, ఆకులేసుకుంటూ కూర్చుంటుంది. కరువొచ్చిందంటే ఆకులు రాల్చేసి ఉన్న తడి దాచుకుని, పోయేలోగా నాలుగు గింజలైనా వేసి పోదామని పూతకు దిగుతుంది. అలాగని పూర్తిగా మాడ్చకూడదు, కొమ్మ వాలినప్పుడల్లా ఒక చెంబుడు పోయాలి.

అత్తగారికి తన నీళ్లసీసా గుర్తొచ్చింది. గులాబి నలకలూ గుర్తొచ్చాయి. ఆ సంగతి అక్కడే మింగేసి, పెట్టె కింద పెట్టి, నడుం మీద చేయి వేసుకుంది.

"అదంతా సరేనే. ఒక్కటి సూటిగా చెప్పు. నువ్వు నీళ్లు మానేసింది నేను రావాలనా, రాకూడదనా?"

రైట్‌రైట్ లేచి బకెట్టు అత్తగారి కేసి జరిపింది.

"మొదట రాకూడదనే మానేశానత్తయ్యా, మీ దగ్గర దాపరికమెందుకు. చస్తుందనుకున్నది కాస్తా చావకుండా మొగ్గేసింది. అచ్చం మీలాగే మొండిది, సరే పూస్తే పూయనీ, మీరొస్తే రానీ అనుకున్నా. ఈలోగా ఎవరో మహాతల్లి మొగ్గలన్నీ గిల్లేసి, రోజూ సీసాడు నీళ్లు పోసి, మీ రాకను ఇన్నాళ్లు వెనక్కి నెట్టింది. ఆవిడకేమో మరి మీరు రావడం ఇష్టంలేనట్టుంది. ఎవరో కనుక్కుని, ముందు ఆవిణ్ణి అడగండి."