టైరు వెనక కర్రముక్క

నిన్న సాయంత్రం విశాఖలో హనుమంతవాక ఎత్తులో ట్రాఫిక్ ఆగిపోయింది. ముందు కారాయన బండిని క్లచ్ మీదే నిలబెట్టి, ఫోన్లో ఎవరికో పెళ్ళిసంబంధం కుదురుస్తున్నాడు. సంబంధం సంగతి తెలియదు గాని క్లచ్ మాత్రం కాలింది. ఆ వాసన నా కారులోకి వచ్చింది. కొందరికి మల్లెల వాసన బాల్యాన్ని గుర్తుచేస్తుందట. నాకు కాలిన క్లచ్ వాసన వస్తే అనంతగిరి ఘాట్ రోడ్డు, వెనక సీట్లో నిద్రపోతున్న మా నాయనమ్మ, అప్పలసూరి మావయ్య గుర్తొస్తారు.

మావయ్యంటే చుట్టరికమేమీ లేదు. పోర్టు క్వార్టర్లలో మా పక్కింటాయన, క్రేన్ ఆపరేటర్. పైన కూర్చున్నవాడికి ఓడ అడుగు కనపడదు. అంచున నిలబడ్డ మనిషి చేయి ఊపితే సరుకు దింపాలి, చేయి ఎత్తితే ఆపాలి. అలా ఏళ్ళ తరబడి ఎవరి చేతినో నమ్ముకుని పనిచేసిన మనిషి ఆయన. ఆయనకో పాత అంబాసిడర్ ఉండేది. దానికి హ్యాండ్‌బ్రేక్ ఉండేది గాని గొడుగు తగిలించుకోవడానికి తప్ప పనికొచ్చేది కాదు. గేర్లో వదిలినా మెల్లగా జారే వయసు దానిది.

ఎనభైల మొదట్లో, నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా, దసరా సెలవులకు అందరం అరకు వెళ్దామన్నాడు. మా నాన్న ఇంటికి తాళం వేసి వీధి చివరిదాకా వెళ్ళి, వెనక్కొచ్చి తాళం లాగి చూసే రకం. ఆయన ఆ కారెక్కడమే ఒక సాహసం. అమ్మ పులిహోర కట్టింది. తమ్ముడు కిటికీ పక్క సీటు కోసం ఏడ్చాడు. నాయనమ్మ ఎక్కగానే నిద్రపోయింది. నాన్నకు మలుపులంటే తల తిరుగుడు కాబట్టి, ఘాట్‌లో బండి ఆగినప్పుడల్లా వెనక టైరుకు కర్రముక్క అడ్డం పెట్టే పని నాకు పడింది.

"ఇనుకో కోడలుపిల్లా," అన్నాడు మావయ్య, మూరెడు పొడవున్న బరువైన కర్రముక్క నా ఒళ్ళో పెట్టి. "నాను బ్రేకు తొక్కి ఉంటాను. నువ్వు దిగి ఇది పెట్టి, 'పెట్టినాను' అని కేకెయ్యాల. నువ్వు కేకేసేదాకా నాను కాలు తియ్యను."

"కేకెయ్యడం నాకు పుట్టుకతో వచ్చింది మావయ్యా," అన్నాను.

"అదే నా బెంగ," అన్నాడు.

కొత్తవలస దాటాక రోడ్డు పక్కన పాత రైతుల ఇళ్ళు కనిపించడం మొదలైంది. ఎర్రమట్టి గోడలు, పెంకుల కప్పు, ముందు కళ్ళం, పక్కన పశువుల శాల. చెక్కుచెదరకుండా ఉన్న ఇల్లు కనపడితే చాలు, మావయ్య బండి ఆపేసేవాడు. దిగి గుమ్మం నిమిరి, "ఏ కర్ర బాబూ ఇది?" అని ఇంటివాళ్ళను అడిగేవాడు. వాళ్ళు దొంగను చూసినట్టు చూసి, తర్వాత మజ్జిగ ఇచ్చేవారు. మూడో ఇంటికి నాన్న ఓపిక అయిపోయింది.

"సూరీ, మనం వెళ్ళేది కొండలు చూడ్డానికా, గుమ్మాలు చూడ్డానికా?"

"కొండలెక్కడికి పోతాయి బావా? ఇళ్ళే పోతాయి," అన్నాడు మావయ్య.

ఘాట్ ఎక్కుతుంటే క్లచ్ కాలిన వాసన కొట్టింది, ఇంజను మరిగింది. రెండుసార్లు ఆగాం. రెండుసార్లూ దిగి, కర్ర పెట్టి, కేకేశాను. మావయ్య దిగి బానెట్ ఎత్తి నీళ్ళు పోశాడు. మూడోసారికి నాకు నైపుణ్యం వచ్చేసిందనుకున్నాను. నాన్న దిగి కళ్ళు మూసుకుని కొండకు ఆనుకుని నిలబడ్డారు. పడిపోతే కొండే పడిపోవాలి అన్నట్టుంది వాలకం. నేను కర్ర చంకలో పెట్టుకుని, తమ్ముడికి నాన్న నిలబడ్డ తీరు చేసి చూపిస్తూ అరిచాను: "పెట్టినాను మావయ్యా! పెట్టి బొట్టు కూడా పెట్టినాను!"

తమ్ముడు పగలబడి నవ్వాడు. మావయ్య బ్రేకు మీంచి కాలు తీసి, ఆ కాలు రోడ్డు మీద పెట్టాడు.

కారు వెనక్కి కదిలింది. పెద్ద వేగమేం లేదు. ముసలాయన కుర్చీలోంచి లేచినంత తీరిగ్గా కదిలింది. లోపల నాయనమ్మ నోరు తెరుచుకుని నిద్రపోతోంది. వెనక లోయ అంచున సున్నం వేసిన రాళ్ళు, వాటి వెనక గాలి. మావయ్య సగం బయట, సగం లోపల ఉండి ఎలా తొక్కాడో తెలియదు, బ్రేకు తొక్కాడు. బంపరు ఒక రాయికి ఆనుకుని ఆగింది.

నాయనమ్మ కళ్ళు తెరిచి, "ఊరొచ్చిందేటి?" అంది.

ఆ క్షణానికి సరిపోయే జోకు నా దగ్గర ఉంది. వేయలేదు. కర్ర పెట్టాను. మావయ్య అలాగే బ్రేకు తొక్కిపట్టి, నేను 'పెట్టినాను' అనేదాకా కూర్చున్నాడు. నాన్న నన్ను తిట్టబోతే దిగి ఆపాడు.

"క్రేన్ మీద నాకు సరుకు కనపడదు. కింద సెయ్యి ఒకటే కనపడతాది," అన్నాడు నాతో. "ఆ సెయ్యి అబద్ధం ఆడితే ఓడ అడుగున ఒకడుంటాడు. జోకులాడుకో, ఎవలొద్దన్నారు? 'పెట్టినాను' అన్న మాట మాత్రం పెట్టినాకే అను."

కొండమీద ఒక పల్లెలో భోజనానికి ఆగాం. అక్కడా పాత ఇల్లే. గడపకు పసుపు, కుంకుమ. నాయనమ్మ గడపకు దణ్ణం పెట్టి ఇటు తిరిగేసరికి నేను టైరు వెనక కర్ర సర్దుతున్నాను. దాని ఒక వైపు చెక్కిన పువ్వు, నెర్రెల్లో పాత పసుపు మరక ఆవిడ కంట పడ్డాయి.

"ఒరే సూరీ, ఇది గడప ముక్క కాదుట్రా? గడపట్టుకెళ్ళి టైరు కింద పెడతావా? కళ్ళు పోతాయి!"

"మా ఇంటిదేనమ్మా," అన్నాడు మావయ్య. డెబ్బైల్లో ఉక్కు ఫ్యాక్టరీ కోసం వాళ్ళ ఊరు ఖాళీ చేసినప్పుడు జనం దూలాలూ తలుపులూ ఊడదీసి బళ్ళకెక్కించుకున్నారట. ఈయన గుమ్మం తెచ్చుకున్నాడు. "క్వార్టర్లో ఏ గోడకెట్టాలి? గుమ్మం ఉన్నాది, ఇల్లు నేదు. వానకు తడిసి అంతా పాడైపోనాది. మిగిలిన ముక్క ఇదే. మా యమ్మ రోజూ పసుపు రాసిన గడప, మా ఇంటిని ఆపనేకపోనాది. కారునైనా ఆపనీ అనుకున్నాను."

నాయనమ్మ వెళ్ళి ఆ ఇంటివాళ్ళనడిగి చిటికెడు పసుపు తెచ్చి, టైరు పక్కన వంగి, ఆ ముక్కకు రాసింది. బొట్టు కూడా పెట్టింది. నేను కొండల వైపు తిరిగాను.

తర్వాతి ఎత్తులో బండి మళ్ళీ ఆగింది. దిగాను. కర్ర పెట్టి, కాలితో రెండుసార్లు తన్ని, వంగి చూసి, మళ్ళీ తన్నాను. "పెట్టినాను" అన్నాను, కేకలా కాదు. మావయ్య వెంటనే కాలు తీసి, దిగి, టైరు వైపు తలైనా తిప్పకుండా బానెట్ దగ్గరికి నడిచాడు. లోపల నాయనమ్మ ఉంది.

"ఒకసారి చూసుకోవా మావయ్యా?" అన్నాను, భయంతో.

"నువ్వు సెప్పినావు కదా," అన్నాడు, నీళ్ళు పోస్తూ.

అరకు ఎలా ఉందని కాలేజీలో అడిగితే టైర్లు బాగున్నాయని చెప్పాను. అందరూ నవ్వారు. నిజానికి నేను చూసినవి అవే.

రిటైరయ్యాక ఆ కారు అమ్మేసిన రోజు, మావయ్య కర్రముక్క తెచ్చి మా అరుగు మీద పెట్టి వెళ్ళాడు. ఆయన పోయి చాలా కాలమైంది. నిన్న రాత్రి మా వీధి వాలులో కారు ఆపి, డిక్కీలోంచి దాన్ని తీసి టైరు వెనక పెట్టాను. నా కారు హ్యాండ్‌బ్రేక్ బాగానే పనిచేస్తుంది. మా అమ్మాయి కారు లోపలి నుంచే, ఫోన్లోంచి తలెత్తకుండా, "అయిందా అమ్మా?" అంది.

వంగి ఇంకోసారి చూసుకుని, అప్పుడు చెప్పాను.